పాత పెంకుటింటికి గట్టర్లు మార్చాలంటే: రేకా, పి.వి.సి.నా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: కోనసీమలో తాతగారు కట్టించిన మండువా ఇల్లు, అంటే నడిమధ్య కప్పు లేని వాకిలి ఉన్న ఇల్లు, మంగళూరు పెంకు. అమ్మానాన్నలు అక్కడే ఉంటున్నారు. బయటి చూరు చుట్టూ వాన నీళ్లు పట్టే జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుము) రేకు గట్టర్లు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి, మండువా మూలల్లో కూడా కారుతోంది. మేస్త్రి అంతా పి.వి.సి. వేసేద్దాం అంటున్నాడు, నాన్నగారు మళ్లీ రేకే వేయిద్దాం అంటున్నారు, బాబాయిగారు అసలు గట్టర్లే పీకేయమంటున్నారు. ఈ ఒక్క వర్షాకాలానికి ఏదైనా పూసి గడిపేయొచ్చా అని, కోతుల బెడద సంగతి ఏమిటని కూడా అడిగారు.

సమాధానం:

గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ల కప్పుల మరమ్మతు పని చాలా ఏళ్లుగా చేయిస్తున్నాను కాబట్టి ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. బయటి చూరుకు మీ మేస్త్రి చెప్పిన పి.వి.సి. బాగానే పనికొస్తుంది. మండువా లోపలి మూలలకు మాత్రం నాన్నగారి మాటే సరైనది, అక్కడ రేకు తప్ప ఇంకేదీ పెట్టకండి. బాబాయిగారి సలహా కూడా కొట్టిపారేసేది కాదు, ఒకటి రెండు వైపులకు అది నప్పవచ్చు. అయితే ఈ మూడింటిలో ఏది చేసినా, గట్టరు ఏ చెక్కకు వేలాడుతోందో దాన్ని చూడకుండా డబ్బు ఖర్చుపెడితే రెండు మూడేళ్లలో మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

చెక్క గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఎవరూ చూడనిది అదే. గట్టరు చిల్లుపడితే నీళ్లు కింద పడతాయి, అది కళ్లకు కనిపిస్తుంది. కానీ గట్టరు వెనక అంచు మీదుగా పొంగిన నీళ్లు చూరు పలక (వాసాల చివర్లకు అడ్డంగా కొట్టే పలక) వెనక్కి దిగి, వాసాల చివర్లను తడుపుతూ ఉంటాయి. అది ఎవరికీ కనబడదు. కోనసీమ ఇళ్లలో చాలా వాటికి తాటి వాసాలే ఉంటాయి. తాటిమానుకు బయటి పొర ఇనుములా గట్టిగా ఉంటుంది, లోపలి గుజ్జు మెత్తన. కోసిన చివర్లోంచి నీరు ఎక్కితే లోపల పొడి పొడి అయిపోయి కూడా పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. మీవి టేకు వాసాలైతే కొంత నయం గానీ, వాటిక్కూడా చివర్లు చూసుకోవాల్సిందే.

పరీక్ష చాలా తేలిక. చూరు దగ్గర కింది రెండు వరసల పెంకులు తీయించండి. ఒక పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రతి వాసం కొసన, చూరు పలక మీద గట్టిగా గుచ్చి చూడండి. పావు అంగుళం కన్నా లోపలికి దిగిందంటే అక్కడ చెక్క పోయినట్టే. సుత్తి వెనకవైపుతో తట్టినా తెలుస్తుంది, గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది డొల్లగా మోగుతుంది. పనిలో పనిగా చెద మట్టి గీతలు ఉన్నాయేమో చూడండి. మట్టి గీతలు పెట్టే చెద నేలలోంచి గోడ వెంబడే ఎక్కుతుంది, కాబట్టి గోడకూ దూలానికీ కలిసే చోట వెతకాలి.

కొస మాత్రమే పుచ్చితే వాసం మొత్తం మార్చక్కర్లేదు. పుచ్చిన మేర కోసేసి, పక్కనే అంతే మందం ఉన్న కొత్త చెక్కను మంచి భాగం మీదికి కనీసం మూడు అడుగులు వచ్చేలా ఆనించి బోల్టులు బిగిస్తే చాలు. మేకులతో సరిపెడతానంటే ఒప్పుకోకండి. చూరు పలక పాడైతే టేకుతో గానీ మద్దితో గానీ కొత్తది చేయించండి. బిగించాక రంగు వేయడం మన దగ్గర అలవాటు. అలా చేస్తే ముందు ముఖానికే రంగు పడుతుంది, నీరు తగిలేది వెనక ముఖానికి, కోసిన చివరలకు. పలకను కింద పెట్టి అన్ని వైపులా ప్రైమరు, రంగు వేసి ఆరాకే పైకెక్కించమనండి.

ఇప్పుడు గట్టర్ల విషయం. మీ పాత గట్టర్లు ఎందుకు పోయాయో మీరు పంపిన ఫొటోలోనే తెలుస్తోంది. తుప్పు అంతా నడిమధ్య ఉంది, చివర్లు ఇంకా తెల్లగా ఉన్నాయి. అంటే మధ్యలో కుంగి నీళ్లు నిలిచాయి. రేకు వర్షానికి చావదు, నిలవ నీటికి, కుళ్లిన ఆకుకు చస్తుంది. జింకు పూత తడిసి ఆరుతూ ఉంటే చాలాకాలం నిలుస్తుంది. ఎప్పుడూ తడిగా ఉన్న ఆకుల కింద అది త్వరగా కరిగిపోతుంది, ఆ తర్వాత ఇనుము ఎంతసేపు? దానికి తోడు మీకు సముద్రపు గాలి. లోతట్టు ఊళ్లలో రేకు నిలిచినంత కాలం తీరం దగ్గర నిలవదు. నిలిచిన నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి, డెంగ్యూ దోమకు పైన గట్టరైనా కింద కొబ్బరి చిప్పైనా ఒకటే.

కాబట్టి కొత్తది ఏదైనా వాలు ముఖ్యం. పది అడుగులకు అర అంగుళం వాలు ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువైతే ఒక చివర గట్టరు పెంకు అంచుకు బాగా కిందికి దిగిపోయి, గాలి వాన వచ్చినప్పుడు నీళ్లు గట్టరును దాటి అవతల పడతాయి. మీ తూర్పు చూరు 36 అడుగులు అన్నారు. ఒకే చివరికి వాలు ఇస్తే దాదాపు రెండు అంగుళాలు దిగాలి. అలా కాకుండా మధ్యలో ఎత్తు పెట్టి రెండు చివర్లకూ వాలు ఇచ్చి, రెండు చోట్లా పైపులు దించితే అంగుళంలోపే సరిపోతుంది. చూడటానికి కూడా వంకరగా కనిపించదు. లెవల్ చూసేది కంటితో కాదు, చూరు పలకను ఆధారం చేసుకుని అసలే కాదు, పాత ఇంట్లో చూరు పలక ఎక్కడా సమంగా ఉండదు. నీళ్ల ట్యూబుతో రెండు చివర్లా గుర్తు పెట్టి, దారం కట్టి, దారం ప్రకారం బ్రాకెట్లు బిగించాలి.

సైజు కోసం చిన్న లెక్క చెబుతాను, ఎవరైనా వేసుకోవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మీ తూర్పు వాలు 36 అడుగుల పొడవు, గోడ బయటి చూరుతో కలిపి నేల మీద కొలిస్తే 14 అడుగుల వెడల్పు అనుకుందాం. వాలు వెంబడి కొలవక్కర్లేదు, పైనుంచి చూస్తే కనిపించే వైశాల్యమే లెక్క. సుమారు 47 చదరపు మీటర్లు వస్తుంది. గంటకు 100 మిల్లీమీటర్ల జోరున వాన కురిస్తే గంటకు 4,700 లీటర్లు, అంటే నిమిషానికి 78 లీటర్లు. 15 లీటర్ల బకెట్లతో నిమిషానికి అయిదు బకెట్లు ఆ ఒక్క వైపు నుంచే కుమ్మరిస్తున్నట్టు. అంత జోరు వాన గంటసేపు పడకపోవచ్చు గానీ, అక్టోబరు, నవంబరు తుఫానుల్లో పది పదిహేను నిమిషాలు అంతకు మించి కూడా కురుస్తుంది. పొంగేది ఆ పది నిమిషాల్లోనే.

ఇంజినీర్లు వాడే పట్టికల ప్రకారం ఆ జోరు వానకు 3 అంగుళాల దింపుడు పైపు ఒక్కోటి సుమారు 20 చదరపు మీటర్ల కప్పుకు, 4 అంగుళాలది సుమారు 42 చదరపు మీటర్లకు సరిపోతుంది. మీ తూర్పు వైపుకు రెండు 3 అంగుళాల పైపులు చాలవన్నమాట. రెండూ 4 అంగుళాలవి వేయించండి. ధరలో తేడా పెద్దగా ఉండదు, ఆకులు ఇరుక్కోవడం మాత్రం బాగా తగ్గుతుంది. చాలా ఇళ్లలో గట్టరు ఘనంగా పెట్టి పైపు దగ్గర పొదుపు చేస్తారు. ఎంత పెద్ద గట్టరైనా కిందికి దిగే దారి ఇరుకైతే అది తొట్టి అవుతుంది.

పి.వి.సి. బయటి చూరుకు ఎందుకు సరే అన్నానంటే, ఉప్పు గాలికి అది తుప్పు పట్టదు, ముక్కలు బిగించడం తేలిక, పగిలినా ఆ ఒక్క ముక్క మార్చుకోవచ్చు. మురుగు పైపును నిలువునా చీల్చి గట్టరులా కట్టేవాళ్లు ఉన్నారు. చవకగా అవుతుంది కానీ ఎండకు రెండు మూడు వేసవుల్లోనే పెళుసెక్కుతుంది, అంచు మడత లేక కుంగుతుంది. వాన గట్టర్ల కోసమే చేసిన, ఎండకు తట్టుకునే రకం అడగండి, 6 అంగుళాల వెడల్పుది తీసుకోండి.

ఇక్కడ మూడు విషయాల దగ్గర మేస్త్రులు తొందరపడతారు. మొదటిది బ్రాకెట్లు. కంపెనీ కాగితంలో మూడు అడుగులు అని రాసి ఉన్నా మీరు రెండు అడుగులకొకటి వేయించండి. మీ ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఉన్నాయి, కమ్మ పడితే బ్రాకెట్టు విరిగేది గ్యారంటీ, దగ్గర దగ్గరగా ఉంటే ఒక్కటే పోతుంది. కాయ పడితే ఏ గట్టరూ ఆగదు, అది వేరే సంగతి. చూరు మీదికి వంగిన చెట్టు ఉంటే ముందు దాని దింపు సంగతి చూసుకోండి. బ్రాకెట్టును తాటి వాసం కొసలోకి స్క్రూతో బిగించనివ్వకండి, లోపల గుజ్జులో స్క్రూ పట్టదు. చూరు పలకకు బిగించాలి, లేదా వాసం పక్కన గట్టి పొరకు పట్టీతో బిగించాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. గట్టరుకు వందేళ్ల ఆయుష్షు ఉన్నా మామూలు స్క్రూ తుప్పు పట్టి ఊడితే అది కింద పడాల్సిందే.

రెండోది వేడికి సాగడం. మూడు మీటర్ల పి.వి.సి. ముక్క 30 డిగ్రీల తేడాకు దాదాపు ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది, కుంచించుకుంటుంది. అందుకే జాయింటు లోపల గీత గుర్తు ఉంటుంది. ముక్కను జిగురుతో అంటించేసి బిగుసుకునేలా చేస్తే పగలు వంకర తిరుగుతుంది, రాత్రి టప్ టప్ మని శబ్దాలు చేస్తుంది, చివరికి జాయింటు దగ్గర చీలుతుంది. రబ్బరు వాషరున్న జాయింట్లు తీసుకుని గుర్తు దాకానే తోయాలి. మే నెల మిట్టమధ్యాహ్నం బిగిస్తే ముక్క అప్పటికే పూర్తిగా సాగి ఉంటుంది, చలికాలంలో వెనక్కి లాగుతుంది, కాబట్టి అప్పుడు ఖాళీ తక్కువ వదలాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బిగిస్తే ఎక్కువ వదలాలి. నేనైతే పొద్దున్నే బిగించమంటాను, పనివాళ్లకూ సుఖం.

మూడోది ఎత్తు. పెంకు అంచు గట్టరులోకి అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు రావాలి. గట్టరు ముందు అంచు వెనక అంచు కన్నా కొంచెం కిందికి ఉండాలి. ఎప్పుడో ఒకప్పుడు గట్టరు పొంగక తప్పదు, పొంగినప్పుడు నీళ్లు బయటికి పడాలి గానీ వాసాల మీదికి కాదు. పెంకు అంచు నుంచి చూరు పలక వెనక్కి నీరు జారకుండా, పెంకుల కింద నుంచి గట్టరులోకి ఒక అడుగు వెడల్పు సన్న రేకు వంచి వేయించండి. ఈ రేకు ఒక్కటి పెట్టి ఉంటే మీ వాసాల చివర్లు ఈ పాటికి ఇంకా బాగుండేవి.

ఇక మండువా. నాలుగు లోపలి వాలులు వచ్చి కలిసే నాలుగు మూలల్లో, రెండేసి వాలుల నీళ్లు ఒకే సన్న దారిలో దిగుతాయి. బయటి చూరులో నీరు పరుచుకుని వస్తుంది, ఇక్కడ ఉరికి వస్తుంది. పైగా ఆ దారికి వేసిన రేకు అంచులు పెంకుల కింద ఉంటాయి, కారితే గదిలోనే కారుతుంది. ఇక్కడ జాయింట్లున్న పి.వి.సి. పనికిరాదు, ఆ కోణానికి సరిగ్గా కూర్చోదు కూడా.

ఇక్కడ 22 గేజి జి.ఐ. రేకు వేయించండి. అది సుమారు 0.8 మిల్లీమీటర్ల మందం. బజారులో గేజి మాటల్లో బాగా మోసం ఉంది, 22 అని చెప్పి 24 అంటగడతారు (అంకె పెరిగితే రేకు పలచన). తూకం వేయించండి. 8 అడుగులు, 4 అడుగుల షీటు 22 గేజిదైతే 18 కిలోల పైన ఉంటుంది, 24 గేజిదైతే 15 కిలోల దగ్గర, 26 అయితే 12 లోపే. జింకు పూత ఎంతో కూడా అడగండి. రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాముల పూత ఉన్న రకం దొరుకుతుంది, తీరం దగ్గర అదే కావాలి. దుకాణాల్లో చవకగా కనిపించే రేకులకు 120 గ్రాములే ఉంటుంది. డబ్బుకు ఇబ్బంది లేకపోతే ఈ నాలుగు మూలలకు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వేయించండి, కావాల్సింది తక్కువే కాబట్టి భరించలేనంత కాదు. అప్పుడు దానికి వాడే మేకులు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి. జి.ఐ. మేకు కొడితే ఆ రెండు లోహాల పొత్తులో మేకునే ముందు తుప్పు తినేస్తుంది.

వెడల్పు విషయంలో రెండు అడుగులకు తగ్గకండి. 4 అడుగుల షీటును నిలువునా సగానికి కోస్తే రెండు పట్టీలు వస్తాయి, వృథా ఉండదు. మధ్యలో ఆరు అంగుళాలన్నా తెరిచిన దారి ఉండాలి, మిగతాది రెండు వైపులా పెంకుల కిందికి పోవాలి. పెంకుల కిందికి పోయే అంచులను అర అంగుళం పైకి వెనక్కి మడవాలి. పక్కకు చిమ్మిన నీరు ఆ మడత దగ్గర ఆగి తిరిగి దారిలోకి వస్తుంది. మేకులు ఆ మడత బయటే కొట్టాలి, నీటి దారిలో ఒక్క మేకు కూడా ఉండకూడదు. రెండు పట్టీలు కలిసే చోట పైది కిందిదాని మీదికి ఆరు అంగుళాలు రావాలి. ఇది చాలా తేలికైన విషయంలా కనిపిస్తుంది గానీ, కింద నుంచి పైకి వేసుకుంటూ పోవాల్సిన పనిని పైనుంచి మొదలుపెట్టి తలకిందులుగా అతికించినవి చాలా ఇళ్లలో చూశాను.

రేకును గ్రైండరుతో కోయనివ్వకండి. నిప్పురవ్వలు పడ్డచోటల్లా పూత కాలిపోయి నెల తిరక్కుండానే ఎర్ర చుక్కలు లేస్తాయి. కత్తెరతోనే కోయాలి. పాత రేకు పనివాళ్లు టంకం పెట్టి అతుకుతారు, జి.ఐ.కి అదే మేలైన పద్ధతి. అల్యూమినియం కలిసిన కొత్తరకం పూత రేకులకు, కలర్ రేకులకు టంకం పట్టదు, వాటికి రివెట్లు, సీలెంటే గతి. అందుకని మూలలకు కలర్ రేకు వద్దు.

రేకు కింద పచ్చి సిమెంటు గానీ సున్నం గానీ నేరుగా తగలకూడదు. ఆ క్షారం జింకును, అల్యూమినియాన్ని తినేస్తుంది. రేకు వెనక ముఖానికి తారు పెయింటు వేసి ఆరాక కూర్చోబెట్టాలి. పై ముఖానికి రంగు వేయాలనిపిస్తే కొత్త రేకు మీద నేరుగా మామూలు ఎనామిల్ వేయకండి, జింకుతో అది కలవక ఏడాదిలో పొరలు పొరలుగా లేచిపోతుంది. జి.ఐ. కోసం అమ్మే ప్రైమరు అడిగి తీసుకోవాలి. రెడ్ ఆక్సైడ్ పాత తుప్పు ఇనుము మీదికి, కొత్త జి.ఐ. మీదికి కాదు.

మండువా మీద పారదర్శక షీటు కప్పేస్తే గొడవే ఉండదు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నాలుగు మూలల నీళ్లూ అప్పుడు కూడా ఎటో ఒకవైపు పోవాలి, పైగా ఇంటి వేడి పైకి పోయే దారి మూసుకుపోతుంది. నాకు ఇష్టం లేదు. మీ ఇల్లు, మీ ఇష్టం.

బాబాయిగారి మాటకు వద్దాం. పాతకాలంలో చాలా పెంకుటిళ్లకు బయటి గట్టర్లే లేవు. చూరు గోడ నుంచి రెండున్నర, మూడు అడుగులు బయటికి వచ్చేది, చూరు నీళ్లు పడేచోట రాళ్లు పరిచేవారు. మీ ఇంటికి పెరటివైపు చూరు అంత పొడుగు ఉండి, కింద రాళ్లో కంకరో వేసి నీరు ఇంటికి దూరంగా పారేలా వాలు చేస్తే, ఆ వైపు గట్టరు లేకపోయినా నష్టం లేదు. శుభ్రం చేసే బాధ తప్పుతుంది. వీధి గుమ్మం వైపు మాత్రం కావాలి, వానలో వచ్చిన మనిషి నెత్తిన ధార పడకూడదు కదా. అరుగు చివరి నుంచి చూరు ఎంత బయటికి ఉందో చూసుకోండి. నీళ్లు అరుగు అంచున పడుతుంటే అరుగు కుంగుతుంది.

పక్కింటి వైపు కూడా గట్టరు ఉంచండి. ఏళ్ల తరబడి మీ చూరు నీళ్లు వాళ్ల స్థలంలో పడుతూ ఉంటే అది ఒక హక్కుగా మారే అవకాశం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది, 20 ఏళ్ల నిరాటంక వాడకం దానికి కొలత. కానీ ఆ హక్కు ఉందనుకుని ఇన్నాళ్లూ చుక్కలుగా పడిన నీళ్లను ఇప్పుడు ఒక పైపుతో పోగేసి వాళ్ల గోడ మొదట్లో వదిలితే గొడవ ఖాయం. పైపులు మీ స్థలంలోనే దించుకోండి.

దించిన నీళ్లు ఎక్కడికి పోవాలన్నది సగం పని. 4 అంగుళాల పైపు పునాది పక్కన వదిలేస్తే గట్టరు లేనప్పటి కన్నా ఎక్కువ నష్టం, అంతకుముందు 36 అడుగుల మేర పడిన నీరంతా ఇప్పుడు ఒక్కచోటే పడుతుంది. డెల్టా నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, పాత ఇళ్ల పునాదులు లోతుగా ఉండవు. హైదరాబాదులో అయితే ఇంకుడు గుంత తవ్వండి అని చెప్పేవాణ్ణి. కోనసీమలో వానాకాలంలో నేల నీరు పైకే ఉంటుంది, గుంత తవ్వితే అందులో ముందే నీళ్లుంటాయి. అందుకని పైపు కింద వంపు పెట్టి, కనీసం ఆరు అడుగుల దూరం సిమెంటు కాలువలో తీసుకెళ్లి కొబ్బరి తోట బోదెలోకి గానీ వీధి కాలువలోకి గానీ కలపండి. బావి నీళ్లు ఉప్పగా ఉంటే ఒక వైపు పైపును ట్యాంకుకు కలుపుకోవచ్చు. మొదటి వానలో వచ్చేది దుమ్ము, పక్షి రెట్టలు కాబట్టి మొదటి వంద లీటర్లన్నా బయటికి వదిలేసే మూత పెట్టుకోవాలి. అవి వాడుక నీళ్లే, తాగడానికి కాదు.

ఈ వర్షాకాలం గడపొచ్చా అన్నారు. బయటి చూరుకు గడపొచ్చు. ఆకులు తీసి, ఇనుప బ్రష్షుతో తుప్పు గీకి, పూర్తిగా ఆరాక, చిల్లు మీద రేకు ముక్క పెట్టి చుట్టూ సీలెంటు గానీ తారు పట్టీ గానీ అంటించండి. సిమెంటు మాత్రం పూయకండి. రేకు ఎండకు కదులుతుంది, సిమెంటు కదలదు, నెలలోపు పగిలి ఆ పగులు కింద నీరు నిలిచి ఉన్న రేకు కూడా పోతుంది. మండువా మూలలకు మాత్రం ఈ పూతలు పనిచేయవు, ఈ వేసవిలోనే మార్చండి. రోహిణి కార్తె ఎండల్లో పెంకులు విప్పితే మృగశిరలోపు పని ముగుస్తుంది. ఆ తర్వాత విప్పితే పట్టాలు కప్పుకుని టెన్షన్ పడుతూ కూర్చోవాలి.

పని మొదలుపెట్టే ముందు యాభై అరవై పెంకులు సిద్ధం చేసుకోండి. పాత పెంకు వెనక ఫ్యాక్టరీ గుర్తు ఉంటుంది, అదే గుర్తున్నవి కూల్చిన ఇళ్ల దగ్గర వెతకండి. కొత్త పెంకుకు గాడి కొలత వేరు, పాతదానిలో కూర్చోక ఎత్తిపెట్టినట్టు ఉంటుంది. పనివాళ్లు పెంకుల మీద నేరుగా నడవకుండా రీపర్ల (పెంకులు ఆనే అడ్డ చెక్కల) మీద పలక వేసుకుని నడవాలి, కింద పరంజా కట్టాలి. చూరు పక్కగా కరెంటు సర్వీసు వైరు పోతుంటే ముందు లైన్‌మన్‌ను పిలిపించి సరఫరా ఆపించండి. ఆ వైరును గట్టరు బ్రాకెట్టుకు చుట్టి ఉంచిన ఇళ్లున్నాయి. తడిసిన రేకుకు కరెంటు పాకితే నిచ్చెన పట్టుకున్న మనిషికే ప్రమాదం.

మేస్త్రితో మాట్లాడేటప్పుడు రేకు గేజి, పట్టీ వెడల్పు, బ్రాకెట్ల మధ్య దూరం, పగిలిన పెంకులు ఎవరి ఖర్చు అన్నవి కాగితం మీద రాసుకోండి. కొంత డబ్బు ఆపి, పని అయ్యాక కప్పు మీదికి గొట్టంతో పావుగంట నీళ్లు పట్టించి చూసి ఇవ్వండి. గొట్టం ఆపి, పారే నీళ్లు దిగిపోయాక గట్టరులో ఎక్కడైనా నీళ్లు నిలిచి ఉంటే ఆ బ్రాకెట్టు మళ్లీ సరిచేయాలి.

కోతుల సంగతి. గట్టరు పట్టుకుని ఊగుతాయి కాబట్టి రెండు అడుగుల బ్రాకెట్లు అక్కడ కూడా పనికొస్తాయి. అసలు దారి ఎక్కడిదంటే, చూరుకు ఆనుకున్న కొమ్మ, దింపుడు పైపు. కొమ్మను నాలుగైదు అడుగుల మేర కొట్టించండి. గట్టరు మీద సన్న జాలీ కప్పమని చెబుతారు, నేను వద్దంటాను. వేపాకు, కొబ్బరి పూత దాని మీద పేరుకుని తడికలా తయారవుతుంది, నీరు పైనుంచే జారిపోతుంది. పైపు నోటి దగ్గర మాత్రం తీగతో అల్లిన బుట్ట లాంటిది పెట్టండి. మృగశిరకు ముందు ఒకసారి, దసరా దాటాక తుఫానుల ముందు ఒకసారి దాన్ని తీసి కడిగించండి. నాన్నగారిని నిచ్చెన ఎక్కనివ్వకండి, కొబ్బరి దింపే మనిషికి కూలి ఇచ్చి చేయించండి.